రేకపూల విత్తనం

"అమ్మా, లే. చేతులు కొంకర్లు పోతాయి," అని లేండర్ట్ మూడోసారి అన్నాడు.

తల్లి కొర్నేలియా లేవలేదు. గాజుపందిరి వెనక చెత్తకుప్ప ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మంచు పట్టిన కుప్పని వట్టి చేతులతో కెలుకుతోంది. ఒక్కొక్క నారుమొక్కనీ పైకి తీసి, ఆకుని బొటనవేలితో తడిమి చూసి, పక్కన పడేస్తోంది. రాత్రి చలికి గడ్డకట్టి, పొద్దుటి ఎండకి కరిగి, అవన్నీ ఉడికించిన ఆకుకూరలా నల్లగా మెత్తబడిపోయాయి.

కోడలు హిల్లె కొంచెం ఎడంగా, నీళ్ళతొట్టి పక్కన నిలబడి ఉంది. నిన్న ఆ మొక్కలు పీకింది తనే.

"ఒక్కటైనా బతికి ఉంటుందేమో," అన్నాడు లేండర్ట్, ఎవరితోనూ కాదన్నట్టు.

"ఉండదు," అంది కొర్నేలియా తల ఎత్తకుండా. "నీ పెళ్ళాం చెయ్యి గట్టిది. వేరుతో సహా లాగింది. నువ్వేగా పొగిడావు, దాని చేతి కింద ఒక్క రేకమొక్క కూడా తప్పించుకోదని?"

స్టాక్ అనే వాసనపూలు పెంచే ఇళ్ళల్లో ఈ పని నడక వచ్చిన పిల్లలకి కూడా తెలుసు. ఒక్క కాయలోని గింజల్లో సగం ముద్దపూలు పూస్తాయి, సగం ఒంటివరస రేకపూలు పూస్తాయి. పూల వేలానికి కావలసింది ముద్దపువ్వు. రేకపువ్వుని అక్కడ ఎవరూ చేత్తో కూడా ముట్టుకోరు. అందుకని నారు ఎదిగేటప్పుడు గాజు కిటికీలు తెరిచి చలి తగలనిస్తారు. చలికి ఆకు రంగు తేలుతుంది. లేత పసుపు తిరిగినది ముద్దమొక్క, ముదురు పచ్చగా ఉన్నది రేకమొక్క. ముదురువన్నీ పీకి పారేస్తారు.

కాని ముద్దపువ్వు గొడ్డుది. గింజ కట్టదు. మరుసటేటికి విత్తనం కావాలంటే రేకమొక్కల్ని ఎక్కడో ఒక మడిలో బతకనివ్వాలి.

హిల్లెకి మొదటి సగం నేర్పారు. రెండో సగం ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

కొర్నేలియా చివరికి లేచింది. కొడుకు అందించిన చెయ్యి పట్టుకోలేదు. హిల్లె పక్కనుంచి, అక్కడ మనిషి లేనట్టే, చెక్కబూట్లు టకటకలాడిస్తూ ఇంట్లోకి వెళ్ళిపోయింది.

*

వంటింట్లో కాఫీ బల్ల మీదికి వచ్చింది. కప్పులు మూడే.

"అమ్మా, ఒక కప్పు తక్కువైంది," అన్నాడు చిన్నకొడుకు క్రైన్. వాడికింకా పెళ్ళి కాలేదు. ఇంట్లో ఎంత గొడవలోనైనా నోరు ఊరుకోదు.

"లెక్క సరిగానే ఉంది."

హిల్లె తనే బీరువా తెరిచి, తన కప్పు తెచ్చుకుని, బల్ల చివర కూర్చుంది. కొర్నేలియా బిస్కట్ల డబ్బా మూత తీసి కొడుకులకి తలా ఒకటి ఇచ్చి, ఠక్కున మూసేసింది.

"అత్తయ్యా, నేను కావాలని చెయ్యలేదు."

"కావాలని చేసినా ఇంత బాగా చెయ్యలేవు."

"ఆ మడికి గుర్తేమీ లేదు. అమ్మకం మళ్ళ మధ్యలోనే ఉంది. ఇది విత్తనానికి అని ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే..."

"చెప్పేదాన్నే. ఒకసారి చెప్పి అనుభవించాను. కడుపున పుట్టినదానికి చెబితే, అది ఇల్లు దాటి వెళ్ళేటప్పటికి విత్తనాల జాడీ సగానికి దిగింది. కన్నదే అంత పని చేస్తే, ఎక్కడో జేలండ్ దీవుల్లో ఆల్చిప్పలు ఏరుకునే ఇంటి నుంచి వచ్చిన నిన్ను నమ్మమంటావా?"

"వదిన పట్టుకెళ్ళినా ఎక్కడ చల్లుతుందమ్మా? సముద్రంలోనా?" అన్నాడు క్రైన్.

"నీ నోరు మూయడానికి నీకింకో బిస్కట్ ఇవ్వాలి కాబోలు."

"ఇస్తే కాదంటానా!"

డబ్బా తెరుచుకోలేదు.

"కంపెనీ విత్తనం కొందాం," అన్నాడు లేండర్ట్ మెల్లగా. "తెల్లవి వాళ్ళ దగ్గరా ఉన్నాయి."

కొర్నేలియా కొడుకు వైపు తిరిగింది. "కంపెనీ తెలుపు! అది సున్నం తెలుపు. మీ నాన్న తెలుపు పాల మీది మీగడ. వేలంలో పెట్టె మూత తీయకుండానే వాసన పట్టి మన పూలని చెప్పేవాళ్ళు. ఆయన తండ్రి మొదలుపెట్టాడు, ఆయన నిలబెట్టాడు. నీ చేతిలో పెట్టి పోయాడు. నీ చేతిలో."

లేండర్ట్ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

పోయినేడు కోతవేళ వానలు పట్టి కాయలు బూజెత్తాయి. చేతికి దక్కిన గుప్పెడు గింజలూ ఈ శీతాకాలం చల్లేశారు. అమ్మకం మళ్ళల్లో రేకమొక్కల్ని ముందే ఏరేశారు. మిగిలిన ఆ ఒక్క మడినీ నిన్న హిల్లె ఊడ్చిపెట్టింది. ఈ నాలుగు రోజుల్లో మళ్ళీ గింజ నేలలో పడితేనే వేసవి చివరికి కాయ ముదిరేది. పడకపోతే లేండర్ట్ తండ్రి హైబర్ట్‌గారి తెలుపు ఆ ఊళ్ళో ఇక ఉండదు.

ఇంకొక్క చోట తప్ప. ఆ మాట బల్ల చుట్టూ ఉన్న నలుగురికీ తెలుసు. నలుగురూ కాఫీ తాగారు.

*

గాజుపందిరిలో లేండర్ట్ కిటికీల తాళ్ళు లాగి కడుతున్నాడు. హిల్లె వెళ్ళి ఖాళీ మడి పక్కన నిలబడింది. మట్టి మీద తన వేళ్ళు దిగిన గుంటలు ఇంకా అలాగే ఉన్నాయి.

"నీకు తెలుసు," అంది.

"తెలుసు."

"ఇదే విత్తనాల మడి అని తెలుసు."

"అమ్మ మాట తీసుకుంది, హిల్లె. నాన్న పోయిన రోజున. బయటినుంచి వచ్చిన మనిషికి చెప్పనని."

"ఆ బయటి మనిషిని చర్చిలో అందరి ముందూ చెయ్యి పట్టుకుని తెచ్చుకున్నావు. అప్పుడిచ్చిన మాట దీనికన్నా చిన్నదా?"

తాడు ముడి బిగిసే ఉంది. లేండర్ట్ దాన్ని విప్పి మళ్ళీ కట్టాడు.

"నిన్న వేలానికి వెళుతూ నాతో ఏమన్నావో గుర్తుందా? 'ఇవాళ తెల్లవి పూర్తి చేసెయ్' అన్నావు."

"ఆ మడి తప్పించి అనుకున్నాను."

"అనుకున్నావు. అనలేదు."

"నువ్వు అంత తొందరగా అక్కడిదాకా వస్తావనుకోలేదు."

హిల్లెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో లేత ఆకు ఏదో ముదురాకు ఏదో తెలియక అత్తగారి చేత ఎన్ని మాటలు పడిందో! రాత్రి కళ్ళు మూసుకున్నా పసుపు, పచ్చ, పసుపు, పచ్చ కనిపించేవి. అంత కష్టపడి నేర్చుకున్నది, నిన్న ఒక్కపూటలో, మెప్పు కోసం ఒళ్ళు వంచి, శ్రద్ధగా చేసింది. ఆ శ్రద్ధే ఇల్లు ముంచింది.

"మీ అక్క దగ్గర ఆ విత్తనం ఇంకా ఉంది కదూ?"

"ఆ పేరెత్తకు."

"పేరు నేనెత్తలేదు. వేలంలో వాళ్ళ పెట్టెలు మన పెట్టెల పక్కనే పెడతారట. రోజూ చూస్తావుగా."

"చూస్తాను. అవే పూలు."

"అడుగు మరి."

"దొంగతనంగా పోయినదాన్ని అడుక్కుని తెచ్చుకోనా? నేను అడగను. నువ్వూ వెళ్ళకు."

కాసేపటికి హిల్లె సైకిలు తీసింది.

*

సుసానా లేండర్ట్‌కి అక్క. ప్రపంచయుద్ధం ఆఖరి ఏడు ఊళ్ళో చర్చి సంఘం రెండు ముక్కలైంది. పసిబిడ్డ బాప్తిస్మంలో దేవుడిచ్చే మాట ఎంతవరకు చెల్లుతుందన్నదాని మీద పెద్దలు పెద్దలు వాదించుకుని విడిపోయారు. ఊరు చిన్నది. ఒకే కాల్వకి ఈ ఒడ్డున ఒక చర్చి, ఆ ఒడ్డున ఇంకొకటి. రొట్టెల కొట్టు కూడా ఎవరిది వాళ్ళకి వేరైపోయింది. అటువంటి రోజుల్లో సంఘపెద్ద హైబర్ట్ కూతురు ఆ ఒడ్డువాడు బాస్టియాన్‌ని చేసుకుంది. పెళ్ళికి ఇటునుంచి ఒక్కరూ వెళ్ళలేదు. ఆ వారమే విత్తనాల జాడీ తగ్గిందని కొర్నేలియా కనిపెట్టింది.

రెండు పక్కలవాళ్ళూ వాక్యం కోసమే నిలబడ్డామన్నారు. నిలబడ్డారు కూడా, అందులో హిల్లెకి సందేహం లేదు. తనూ అత్తగారితో ఈ ఒడ్డు చర్చిలోనే కూర్చుని అదే పాస్టరుగారి ప్రసంగం వింటుంది. కాని దారిలో ఎదురైన కూతుర్ని చూసి తల తిప్పుకోమని ఏ అధ్యాయంలో రాసి ఉందో ఆమెకి ఎంత వెతికినా దొరకలేదు.

హిల్లె సుసానా ఇంటి ముందు గుమ్మం తట్టబోతుంటే పక్కనుంచి గొంతు వినిపించింది.

"దొడ్డిగుమ్మంలోంచి రా అమ్మాయ్! ఆ తలుపు పెళ్ళికీ శవానికీ తప్ప తెరవం. నువ్వా రెండూ కావుగా?"

చేతులకి మట్టి, తలకి రుమాలు. మొహం అచ్చం కొర్నేలియాదే. అది చూసి హిల్లెకి అనుకున్న మాటలన్నీ పోయాయి.

"వదినగారూ, నేను..."

"ఓహో, వదిననయ్యానా! వీధిలో ఎదురైనప్పుడు గోడనో స్తంభాన్నో అన్నట్టు పోయేదానివి." సుసానా కుర్చీ జరిపింది. "కూర్చో. ఎవరి తరపున వచ్చావ్?"

"నా తరపునే."

"ఆ ఇంట్లో నీ తరపంటూ ఒకటి ఉందా? అయితే మా అమ్మ మెత్తబడిందన్నమాట."

హిల్లె ఉన్నదున్నట్టు చెప్పింది. వింటూ వింటూ సుసానా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆపుకోలేక నవ్వింది.

"అన్నీ పీకేశావా? ఒక్కటీ మిగల్చకుండా?"

"ఒక్కటీ."

"మా నాన్న ఉంటే నిన్ను పిలిచి జీతమిచ్చి పెట్టుకునేవాడు!" నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. కాఫీ పోసి, బిస్కట్ల డబ్బా మూత తీసి, మూయకుండా హిల్లె ముందు పెట్టింది. హిల్లె ఒకటే తీసుకుంది.

"విత్తనం ఉంది," అంది సుసానా. ఈసారి నవ్వు లేదు. "మీకెంత కావాలంటే అంత ఉంది. కాని ముందు ఇది విను. నేను జాడీ ముట్టుకోలేదు."

హిల్లె కప్పు కింద పెట్టింది.

"ఇంట్లోంచి వెళ్ళమన్నాక పెళ్ళిదాకా ఇక్కడే, అత్తగారింట్లోనే తల దాచుకున్నాను. పెళ్ళినాడు ఇంకా తెల్లవారలేదు, ఈ తలుపు మీద ఎవరో తట్టారు. నాన్న. లోపలికి రమ్మన్నా రాలేదు. జేబులోంచి గుడ్డమూట తీసి చేతిలో పెట్టాడు. 'మీ అమ్మకి చెప్పకు' అన్నాడు. అంతే. దీవించను కూడా లేదు. గట్టు మీద తల వంచుకుని వెళ్ళిపోయాడు."

"మామగారా!"

"సంఘపెద్దగారు. ఆ తర్వాత అమ్మ ఊరంతా నన్ను దొంగ అంటుంటే, ఆదివారం ఆదివారం ముందు వరసలో కూర్చుని ఆ మాట వింటూనే ఉన్నాడు."

"ఎంతైనా, ప్రేమ ఉండబట్టేగా ఇచ్చారు..."

"ప్రేమే. కాదనను. ప్రేమ చీకట్లో ఇచ్చాడు, నింద పట్టపగలు మొయ్యనిచ్చాడు." సుసానా లేచి అలమర తెరిచింది. "ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన పరువని నోరు మూసుకున్నాను. పోయాక, చచ్చినవాడి మీద ఎందుకని మూసుకున్నాను. మొన్న నా కూతురు వీధిలోంచి వచ్చి అడిగింది, 'అమ్మా, నువ్వు అమ్మమ్మ దగ్గర దొంగతనం చేశావటగా' అని. ఇంక నా వల్ల కాదు."

చిన్న గుడ్డమూట తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని మీంచి చెయ్యి తీయలేదు.

"తీసుకుపో. ఊరికే ఇస్తున్నాను. కాని ఇది నాకెవరిచ్చారో ఆ బల్ల దగ్గర, మా అమ్మ మొహం మీద చెప్పాలి. చెప్పనంటే చెప్పు, ఇప్పుడే లోపల పెట్టేస్తాను."

"ఎలా చెప్పను వదినా? ఆవిడకి మిగిలింది ఆయన పేరొక్కటే."

"నాకు మిగిలిందేమిటి?"

హిల్లె మూట వైపు చూసింది. "చెబుతాను," అంది. సుసానా చెయ్యి తీసింది.

తిరుగుదారిలో గాలి ఎదురు కొట్టింది. అటక మీద మామగారి పాత కోటు జేబులో దొరికిందని చెప్పొచ్చు. ఎవరు కాదంటారు? అత్తయ్య సంతోషపడుతుంది. లేండర్ట్ తలెత్తుకుంటాడు. సుసానాకి ఇచ్చిన మాట ఒక్కటే పోతుంది. ఆమె ఎలాగూ ఆ గుమ్మం తొక్కదు.

ప్రభువా, నిజం చెప్పమన్నావు. ప్రేమగా చెప్పమన్నావు. ఈ రెండూ ఒకే నోటితో ఎలా చెప్పాలో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

*

సాయంత్రం బల్ల మీద బఠాణీల చారూ, నల్లరొట్టే పెట్టారు. శనివారం కాబట్టి నేల కడిగి ఉంది, కుర్చీలు తుడిచి ఉన్నాయి, రేపటి నల్లబట్టలు కొక్కేనికి వేలాడుతున్నాయి. లేండర్ట్ ప్రార్థన ముగించగానే హిల్లె మూట తీసి అత్తగారి కంచం పక్కన పెట్టింది.

"ఇదేమిటి?"

"తెల్లది. మామగారి తెలుపు."

"వద్దన్నానుగా!" అన్నాడు లేండర్ట్.

కొర్నేలియా మూటని ముట్టుకోలేదు. కుర్చీ వెనక్కి జరిపింది. "దొంగసొత్తు తెచ్చి నా అన్నం పక్కన పెట్టావా?"

"దొంగసొత్తు కాదు అత్తయ్యా. మామగారే ఇచ్చారట. పెళ్ళినాడు తెల్లవారకముందు వెళ్ళి, స్వయంగా."

క్రైన్ చెంచా గాలిలో ఆగిపోయింది. వాడికి కూడా ఏ హాస్యమూ దొరకలేదు.

"అది చెప్పిందా?" కొర్నేలియా పెదవి వంకరపోయింది. "బాగుంది. సమాధిలో ఉన్నవాడు లేచి వచ్చి కాదనడని ధైర్యం."

"హిల్లె, ఇక చాలు," అన్నాడు లేండర్ట్.

"చాలదు. ఇవాళ పొద్దున నన్ను అన్నప్పుడు చాలు అనలేదు నువ్వు." హిల్లె అత్తగారి వైపు తిరిగింది. "విత్తనం కోసం వెళ్ళాను అత్తయ్యా. ఈ మాట కూడా మోసుకెళ్ళమన్నారు. రెండూ తెచ్చాను. ఒకటి ఉంచుకుని ఇంకొకటి దారిలో పారేద్దామని చూశాను. చేతకాలేదు."

చారు మీద పొర కట్టింది.

"ఏ తోవన వచ్చాడట?" అని అడిగింది కొర్నేలియా. అడిగిన గొంతు ఆమెది కానట్టుంది.

"కాల్వ గట్టు గడ్డి మీంచి. దొడ్డిగుమ్మం బయటే నిలబడి, ఇచ్చి వెళ్ళిపోయారట."

కొర్నేలియా రొట్టెముక్క చేతిలోకి తీసుకుంది. తినలేదు. వేళ్ళ మధ్య నలిపి పొడి చేసింది.

"ఆ పొద్దున ఆయన మేజోళ్ళు మోకాళ్ళదాకా తడిసి వచ్చాయి," అంది. "పడవలో నీళ్ళెక్కితే తోడిపోశానన్నాడు. పొయ్యి దగ్గర నేనే ఆరబెట్టాను. ఆరబెడుతూ ఆ పెళ్ళికూతుర్ని తిట్టాను, నా నోటికి వచ్చిన తిట్టల్లా తిట్టాను. ఆయన పక్కనే కూర్చుని కాఫీ తాగాడు."

హిల్లె చెయ్యి చాపబోయింది. కొర్నేలియా తన చేతిని ఒళ్ళోకి లాక్కుంది.

"చదువు," అంది పెద్దకొడుకుతో.

లేండర్ట్ బైబిలు తెరిచి, నిన్న ఆపిన చోటునుంచి చదివాడు. ఏం చదివాడో ఆ బల్ల దగ్గర ఒక్కరూ వినలేదు. ఆమెన్ మాత్రం నలుగురూ అన్నారు.

కొర్నేలియా లేచి కంచాలు ఒకదాని మీద ఒకటి పెట్టింది. మూటని కొడుకు వైపు తోసింది.

"సోమవారం పొద్దున్నే చల్లండి. మడి పక్కన కర్ర పాతండి, గుడ్డివాడికి కూడా కనిపించేటట్టు."

హిల్లె ఊపిరి పీల్చుకుంది. గండం గడిచిందనుకుంది. క్రైన్ కూడా అలాగే అనుకున్నాడు కాబోలు, కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మా, రేపు చర్చికి నడిచి వెళదామా? రోడ్డంతా జారుడుగా ఉంది," అన్నాడు.

"మీరు వెళ్ళండి. నేను రాను."

హైబర్ట్‌గారి భార్య చర్చికి రాని ఆదివారం ఆ ఊళ్ళో ఇంతవరకు లేదు. పురుడు లేచిన మరునాడే వెళ్ళిందని చెప్పుకుంటారు. ఆయన పోయిన వారం కూడా ఆ ముందు వరసలో నిటారుగా కూర్చుంది.

"ఒంట్లో బాగాలేదా అమ్మా?" అన్నాడు లేండర్ట్.

"బాగానే ఉంది."

"పెద్దలు అడుగుతారు. పాస్టరుగారు ఇంటికే వస్తారు. ఏం చెప్పమంటావ్ వాళ్ళకి?"

కొర్నేలియా కొక్కేనికి వేలాడుతున్న తన నల్లకోటు తీసి, మడిచి, చంకన పెట్టుకుంది. మేడమెట్ల దగ్గర ఆగింది, వెనక్కి తిరగలేదు.

"మీ నాన్న ఉన్నన్నాళ్ళూ తన కూతురి గురించి ఏం చెప్పాడో, అదే చెప్పండి."